లేని మనుషుల కోసం నిజమైన కన్నీళ్లు

2023 జనవరి 29 రాత్రి అమెరికాలో హెచ్‌బీఓ ఛానల్ 'ది లాస్ట్ ఆఫ్ అస్' ధారావాహికలోని మూడో భాగాన్ని ప్రసారం చేసింది. అది ముగిసిన గంటలో ఓ పాత పాటను స్పాటిఫైలో వినేవారు ఒక్కసారిగా పెరిగిపోయారు. అంతకుముందు వారంతో పోలిస్తే పెరుగుదల 4,900 శాతమని ఆ సంస్థే ప్రకటించింది. ఆ పాట లిండా రాన్‌స్టాడ్ 1970లో పాడిన 'లాంగ్ లాంగ్ టైమ్'. ఎపిసోడ్ పేరు కూడా అదే. టీవీ కట్టేసి నిద్రపోవాల్సిన వేళ వేలాది మంది ఆ పాటను వెతుక్కుంటూ వెళ్లారంటే, అప్పటిదాకా చూసింది వారిని వదిలిపెట్టలేదనే అర్థం.

అలాగని అది కన్నీళ్ల కోసం తీసిన ధారావాహిక కాదు. ఒక శిలీంధ్రం మనుషులకు సోకి, వారి మెదళ్లను లోబరుచుకుని, నాగరికతను కూల్చేసిన తర్వాతి ప్రపంచం అందులోది. దానికి ఆధారం నిజంగానే ఉంది. ఉష్ణమండల అడవుల్లో ఓఫియోకార్డిసెప్స్ అనే శిలీంధ్రం చీమల్లోకి చొరబడి వాటి నడకను మార్చేస్తుంది. చీమ ఒక ఆకు ఈనెను దవడలతో కరిచిపట్టి అక్కడే చనిపోతుంది, తలలోంచి శిలీంధ్రం మొలుచుకొస్తుంది. మనుషుల్లో ఇలా జరగకపోవడానికి ఒక ముఖ్య కారణం మన ఒంటి వేడి. 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర చాలా శిలీంధ్రాలు బతకలేవు. ఇంకో విశేషం ఏమిటంటే, చీమ శరీరమంతా, కండరాల చుట్టూ అల్లుకునే ఈ శిలీంధ్రం మెదడులోకి మాత్రం వెళ్లదని అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో చూపించారు. కథకు అది అడ్డు కాలేదు.

మూడో భాగంలో ఈ భయానక ప్రపంచం దాదాపు పక్కకు తప్పుకుంటుంది. బిల్ అనే ఒంటరి మనిషి ఊరంతా ఖాళీ అయ్యాక చుట్టూ కంచె వేసుకుని, ఉచ్చులు పన్ని, తుపాకులు పేర్చుకుని బతుకుతుంటాడు. మనుషులంటే అతనికి నమ్మకం లేదు. నాలుగేళ్ల తర్వాత, 2007లో, ఫ్రాంక్ అనే బాటసారి అతను తవ్విన గోతిలో పడతాడు. ఆకలితో ఉన్నాడని అన్నం పెడతాడు బిల్. భోజనం తర్వాత పియానో దగ్గర ఆ పాట వస్తుంది. ఫ్రాంక్ మరి వెళ్లిపోడు. పదహారేళ్లు కలిసి బతుకుతారు. గొడవపడతారు, గోడలకు రంగులు వేస్తారు, జబ్బు పడతారు. ఒక చిన్న తుపాకీ ఇచ్చి ఫ్రాంక్ రహస్యంగా తెప్పించిన విత్తనాలతో స్ట్రాబెర్రీలు పండిస్తారు. లోకం నాశనమైన ఇన్నేళ్ల తర్వాత మొదటి పండు కొరికినప్పుడు బిల్ చిన్నపిల్లాడిలా కిలకిలా నవ్వుతాడు. చాలామంది ప్రేక్షకులకు గుర్తుండిపోయింది చావు కాదు, ఈ నవ్వు. చివరికి నయంకాని జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమైన ఫ్రాంక్ ఒక మంచి రోజు గడిపి వెళ్లిపోవాలనుకుంటాడు. వారిద్దరూ కలిసే వెళ్లిపోతారు. ఆ మరణాన్ని కెమెరా చూపించదు.

బిల్‌గా నిక్ ఆఫర్‌మన్, ఫ్రాంక్‌గా ముర్రే బార్ట్‌లెట్ నటించారు. క్రెయిగ్ మేజిన్ రాయగా పీటర్ హోర్ దర్శకత్వం వహించారు. ఆఫర్‌మన్‌కు ఈ పాత్రకే ఎమ్మీ దక్కింది. తొలి ప్రసారం రాత్రి అమెరికాలో చూసినవారు 64 లక్షల మంది. అంతకుముందు వారం 57 లక్షలు. మన దేశంలో ఆ ధారావాహిక అప్పట్లో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో వచ్చింది.

ఇక్కడ శాస్త్రవేత్తలకు ఆసక్తి కలిగించే చిక్కు ఒకటుంది. ఇష్టమైన సీరియల్ పాత్ర చనిపోతే జనం ఏడవడం కొత్త కాదు. ఏళ్ల తరబడి రోజూ ఇంట్లోకి వచ్చే మనిషి అది. ఇలాంటి ఏకపక్ష పరిచయానికి 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే అమెరికా పరిశోధకులు 'పారాసోషల్' సంబంధం అని పేరు పెట్టారు. మనకు వాళ్లు తెలుసు, వాళ్లకు మనం తెలియదు. అభిమాన పాత్ర తెరమీంచి వెళ్లిపోతే కలిగే బాధకు 'పారాసోషల్ బ్రేకప్' అన్న పేరూ ఉంది. 2004లో అమెరికాలో 'ఫ్రెండ్స్' ధారావాహిక ముగిసినప్పుడు ప్రేక్షకులపై దీని గురించి ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. అయితే బిల్, ఫ్రాంక్‌లతో పరిచయం పట్టుమని గంటసేపు కూడా లేదు. అంతకుముందు భాగాల్లో వారు లేరు, తర్వాత ఉండరు. పాత పరిచయం అన్న సమాధానం ఇక్కడ చాలదు.

తెలిసీ ఎందుకు ఏడుస్తాం?

ఈ ప్రశ్నకు పాశ్చాత్య తత్వశాస్త్రంలో పేరున్న రూపం 1975 నాటిది. అన్నా కరెనినా లేదని తెలిసీ ఆమె గతికి మనం ఎలా కదిలిపోతామని కోలిన్ రాడ్‌ఫోర్డ్ అడిగాడు. ఒక విషయం నిజం కాదని నమ్ముతూ దానికి బాధపడటం అసంగతం అన్నది ఆయన వాదన.

మన దేశంలో ఈ చర్చ చాలా ముందే, చాలా లోతుగా జరిగింది. భరతుడి నాట్యశాస్త్రం మీద వ్యాఖ్యానించిన కాశ్మీర పండితులు భట్టనాయకుడు, ఆయన తర్వాత వచ్చిన అభినవగుప్తుడు దీన్ని 'సాధారణీకరణం' అన్న భావనతో వివరించారు. నాటకంలోని శోకం ఫలానా వ్యక్తిది కాదు, చూసేవాడి సొంత శోకమూ కాదు. ఎవరిదీ కాకుండా పోవడం వల్లే అది అందరిదీ అవుతుంది. అప్పుడే అది దుఃఖంగా కాక కరుణ రసంగా అనుభవంలోకి వస్తుంది. వెయ్యేళ్ల కిందటి ఈ వివరణ ప్రయోగశాలలో తేలింది కాదు. అయినా రాడ్‌ఫోర్డ్ అసంగతమన్న దాన్ని ఇది మానవ మనసు చేసే మామూలు పనిగానే చూసింది. ఆ మేరకు ఇదే మెరుగైన ప్రారంభం అనిపిస్తుంది.

ఆధునిక మనస్తత్వశాస్త్రం దాదాపు అదే చోటికి వేరే దారిలో వచ్చింది. 2000లో మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ కథలో లీనమవడాన్ని 'ట్రాన్స్‌పోర్టేషన్' అన్నారు. అంటే ఊహలో ఇంకో చోటికి ప్రయాణించడం. ఎంతమేరకు లీనమయ్యారో కొలిచే ప్రశ్నావళినీ తయారుచేశారు. ఎక్కువగా లీనమైనవారికి కథలోని లొసుగులు తక్కువగా కనిపించాయి. వారి అభిప్రాయాలూ కథకు అనుగుణంగా కదిలాయి. అది నిజంగా జరిగిందని చెప్పినా, కల్పన అని చెప్పినా ఫలితంలో పెద్ద తేడా రాలేదు. 'ఇదంతా ఉత్తిదే' అని తెలిసి ఉండటం మనసుకు కవచం కాదన్నమాట.

లీనమైన మెదళ్లలో ఏం జరుగుతుందో చూడటానికి ఇజ్రాయెల్‌కు చెందిన ఉరీ హాసన్ బృందం 2004లో కొందరిని ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' సినిమాలో అరగంట భాగం చూపించింది. వేర్వేరు మనుషుల మెదళ్లలో విశాల ప్రాంతాలు ఒకే సమయంలో, ఒకే తీరులో పనిచేశాయి. తర్వాత ఇదే పద్ధతిలో ఇతర చిత్రాలను పోల్చారు. హిచ్‌కాక్ తీసిన ఒక టీవీ ఎపిసోడ్ చూస్తున్నప్పుడు ప్రేక్షకుల మెదడు పొరలో సుమారు 65 శాతం ఒకే లయలో నడిచింది. ఒక హాస్య ధారావాహికకు 18 శాతం. న్యూయార్క్ పార్కులో కదలకుండా పెట్టిన కెమెరా తీసిన దృశ్యానికి 5 శాతం లోపే. ఈ అంకెలు గొప్ప కళకు మార్కులు కావని హాసన్ బృందమే చెప్పింది. దర్శకుడి చేతిలో మన చూపు, వినికిడి ఎంతగా ఉన్నాయో మాత్రమే ఇవి చెబుతాయి. ఏ క్షణంలో ఎక్కడ చూడాలో ఎడిటింగ్ నిర్ణయిస్తుంది, పదహారేళ్ల కాపురాన్ని పట్టుమని పది సన్నివేశాల్లో మన కళ్ల ముందు పెడుతుంది. మధ్యలో ఖాళీగా వదిలిన సంవత్సరాలను ప్రేక్షకుడు తన దగ్గరున్న సామగ్రితో నింపుకుంటాడు. ఎవరి అమ్మానాన్నలో, ఎవరి తాతమ్మలో అందులోకి వచ్చి కూర్చుంటారు.

భయం చేసే సాయం

ఇదే ప్రేమకథను మామూలు ఊళ్లో, మామూలు రోజుల్లో చెబితే ఇంత పట్టుకునేదా? బహుశా కాదు. మనస్తత్వవేత్త డాల్ఫ్ జిల్‌మన్ 1970లలో ప్రతిపాదించిన ఉద్వేగ బదిలీ సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. భయపడినప్పుడు గుండె వేగం, చెమట, ఊపిరి పెరుగుతాయి. ప్రమాదం పోయిందని మనసుకు వెంటనే తెలుస్తుంది, ఒంటికి మాత్రం కొంత సమయం పడుతుంది. ఆ మిగిలిన ఉద్రేకం తర్వాత వచ్చే భావోద్వేగానికి తోడై దాన్ని పెంచుతుంది. 1974లో డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ కెనడాలోని కపిలానో ఊయల వంతెన మీద చేసిన ప్రయోగం ఈ కోవలో అందరికీ తెలిసినది. లోయ మీద ఊగే వంతెన దాటుతూ కలిసిన యువతికి తర్వాత ఫోన్ చేసిన మగవాళ్లు, గట్టి వంతెన మీద కలిసినవారి కంటే ఎక్కువ. అది చిన్న ప్రయోగం. దాని మీద ప్రేమ సిద్ధాంతాలు కట్టేయడం తొందరపాటే. శరీరంలోని భయం మరో పేరు పెట్టుకుని రాగలదన్న మూల విషయానికి మాత్రం ఇతర ఆధారాలు ఉన్నాయి.

ఈ ఎపిసోడ్‌లో ఈ లెక్క రెండు స్థాయిల్లో పనిచేస్తుంది. గేటు బయట సోకినవారు తిరుగుతుంటారు, ఎప్పుడేం జరుగుతుందోనని చూసేవారు కాచుకుని ఉంటారు. ఇంకా ముఖ్యమైనది, కాలం తక్కువగా ఉందన్న స్పృహ. ముగింపు దగ్గరపడిందని తెలిసినప్పుడు మనుషుల్లో సంతోషం, దుఃఖం కలగలిసి వస్తాయని 2008లో హాల్ అర్స్నర్-హర్ష్‌ఫీల్డ్, లారా కార్‌స్టెన్సన్ తదితరులు ప్రయోగాల్లో చూపించారు. నవ్వూ ఏడుపూ ఒకేసారి రావడం నిజంగా సాధ్యమేనా, లేక ఒకదాని వెంట ఒకటి వేగంగా వస్తున్నాయా అన్న వాదన మనస్తత్వశాస్త్రంలో చాన్నాళ్లు నడిచింది. 2001లో జెఫ్ లార్సన్ బృందం 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్' సినిమా ఆడుతున్న థియేటర్ బయట నిలబడి ప్రేక్షకులను అడిగింది. లోపలికి వెళ్తున్నవారిలో కంటే బయటికి వస్తున్నవారిలో 'రెండూ ఉన్నాయి' అన్నవారు చాలా ఎక్కువ. యూదుల నిర్బంధ శిబిరంలో కొడుకును నవ్విస్తూ కాపాడుకునే తండ్రి కథ అది. అక్కడా ఇక్కడా చావు నీడలోనే మనిషి మంచితనం కనిపిస్తుంది.

ఈ మిశ్రమ స్థితి ఒంటి మీద ఎలా కనిపిస్తుందో కొలిచినవారు జర్మనీలో ఉన్నారు. మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన యూజిన్ వాసిలివిట్స్కీ, విన్‌ఫ్రీడ్ మెన్నింగ్‌హౌస్ బృందం హృదయాన్ని కదిలించే సినిమా దృశ్యాలు చూపిస్తూ ప్రేక్షకుల చర్మాన్ని చిన్న కెమెరాతో చిత్రీకరించింది. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కన్నీళ్లు, గగుర్పాటు కలిసి వచ్చే క్షణాలే భావోద్వేగం శిఖరానికి చేరిన క్షణాలు. తెలుగు పాఠకులకు ఇందులో ఒక చిన్న సంతోషం ఉంది. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో అశ్రువు, రోమాంచం రెండూ ఉన్నాయి. కావాలని నటించడం కష్టమైనవి, మనసు లగ్నమైతే గానీ రానివి అని వాటిని వేరే జాబితాలో పెట్టారు. శరీరశాస్త్రం భాషలో ఇవి స్వయంచాలక నాడీవ్యవస్థ చేతిలోని పనులు. చర్మం మీది వెంట్రుకలను నిక్కబొడిపించే చిన్న కండరాలు మన ఆజ్ఞ వినవు.

ఏడ్చేస్తే తేలికపడుతుందా?

ఏడ్చేస్తే మనసు తేలికవుతుందని ఇంటింటా అంటారు. ప్రయోగశాలలో మాత్రం ఇది చాలాకాలం తేలలేదు. ఏడిపించే సినిమా చూపించి వెంటనే అడిగితే, ఏడ్చినవాళ్లు ముందుకన్నా దిగులుగానే ఉన్నామనేవారు. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన అస్మిర్ గ్రాచానిన్, ఆడ్ వింగర్‌హూట్స్ బృందం 2015లో చేసిన తెలివైన పని ఏమిటంటే, కాస్త ఆగి మళ్లీ అడగడం. 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్'నే, దానితోపాటు చనిపోయిన యజమాని కోసం స్టేషన్ దగ్గర ఎదురుచూసే కుక్క కథ 'హాచీ'ని చూపించారు. ఏడవనివారి మనఃస్థితిలో పెద్ద మార్పు లేదు. ఏడ్చినవారి మనఃస్థితి సినిమా ముగియగానే దిగజారింది, 20 నిమిషాలకు మామూలు స్థితికి వచ్చింది, 90 నిమిషాలకు సినిమాకు ముందున్న దానికన్నా మెరుగైంది. ఇంటింటి మాటలో నిజం ఉంది, దానికి గంటన్నర గడువు కావాలి.

పక్కన మనుషులుంటే ఇంకో లాభం. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2016లో ఒక నిరాశ్రయుడి జీవితం మీద తీసిన విషాద చిత్రాన్ని కొందరికి గుంపుగా చూపించింది, మిగతావారికి డాక్యుమెంటరీలు చూపించింది. ముందూ తర్వాతా ఒక పరీక్ష పెట్టింది. గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండా కూర్చున్న భంగిమలో తొడలు మండిపోయేదాకా ఎంతసేపు ఉండగలరో చూడటమే అది. విషాద చిత్రానికి కదిలిపోయినవారి ఓర్పు పెరిగింది, పక్కనున్న అపరిచితుల మీద దగ్గరితనమూ పెరిగింది. నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లే కారణమన్నది డన్‌బార్ ఊహ. ఆ ప్రయోగంలో ఎండార్ఫిన్లను నేరుగా కొలవలేదన్నది గుర్తుంచుకోవాలి.

ప్రళయం తర్వాతి కథలు చూసేవారి గురించి మరో అధ్యయనం 2021లో వచ్చింది. కోవిడ్ తొలి నెలల్లో కోల్టన్ స్క్రివ్నర్ బృందం అమెరికాలో 310 మందిని ప్రశ్నించింది. జాంబీ, గ్రహాంతరవాసుల దాడి, లోకాంతం తరహా సినిమాలు ఇష్టపడేవారు మహమ్మారికి మానసికంగా ఎక్కువ సిద్ధంగా ఉన్నట్టు తేలింది. సినిమాలే వారిని సిద్ధం చేశాయా, గుండెనిబ్బరం ఉన్నవారే ఆ సినిమాలు చూస్తారా అన్నది ఇలాంటి సర్వేలో తేలదు. ఒక్క విషయం మాత్రం గమనించాలి. ఈ ధారావాహికను చూసిన మనుషులు అప్పటికే ఒక మహమ్మారిని దాటి వచ్చారు. తలుపులు మూసుకుని బతకడం, ఆప్తుల చివరి రోజున పక్కన ఉండలేకపోవడం వారికి కల్పన కాదు. ఫ్రాంక్ చివరి రోజు ఇంట్లో, చేయి పట్టుకునే మనిషి పక్కన ఉండగా గడిచింది. 2020, 2021లలో ఎన్నో కుటుంబాలకు దక్కనిది అదే.

ఎవరు కదిలారు, ఎవరు కదల్లేదు

అందరూ ఏడవలేదు. సినిమా రేటింగ్ వెబ్‌సైట్లలో ఈ ఎపిసోడ్‌కు ఎంతోమంది కావాలని ఒక్క స్టార్ ఇచ్చారు. కారణం దాచుకోలేదు, ఇద్దరూ మగవాళ్లు కావడమే. గ్రీన్, బ్రాక్ మాటల్లో చెప్పాలంటే వీరు ప్రయాణం మొదలుపెట్టనే లేదు. తప్పులు వెతుకుతూ చూసే మనసు కథలోకి వెళ్లదు.

మధ్యలో ఉన్నవారి సంగతే అసలు ప్రశ్న. స్వలింగ జంటను దగ్గరి నుంచి ఎన్నడూ చూడనివారు, ప్రత్యేకించి ద్వేషమేమీ లేనివారు, భయానక కథ చూద్దామని కూర్చుని చివరికి కళ్లు తుడుచుకున్నవారు. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో సంపర్క సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. తగిన పరిస్థితుల్లో వేరే వర్గం మనుషులతో కలిసిమెలిసి ఉంటే వారి మీది దురభిప్రాయం తగ్గుతుందన్నది దాని సారం. అదే పని తెర మీది పరిచయం చేయగలదా అని ఎడ్వర్డ్ షియాపా, పీటర్ గ్రెగ్, డీన్ హ్యూస్ 2005లో పరీక్షించారు. వారు తీసుకున్న ధారావాహికల్లో స్వలింగ జంట ఉన్న 'సిక్స్ ఫీట్ అండర్' ఒకటి. అదీ హెచ్‌బీఓదే. చూసిన విద్యార్థుల్లో దురభిప్రాయాలు తగ్గాయి. మరుసటి ఏడాది 'విల్ అండ్ గ్రేస్' ప్రేక్షకుల సర్వేలో ఇంకో సంగతి తెలిసింది. నిజ జీవితంలో స్వలింగ సంపర్కులతో పరిచయం బాగా తక్కువ ఉన్నవారిలోనే టీవీకీ అభిప్రాయానికీ ఉన్న ఈ సంబంధం బలంగా కనిపించింది. సర్వే కాబట్టి దీన్ని కారణంగా తీసుకోలేం, 2005 ప్రయోగాలతో కలిపి చూస్తే మాత్రం కొట్టిపారేయలేం.

కథను ఎలా చెప్పారన్నదీ ఇక్కడ లెక్కలోకి వస్తుంది. 2013లో నాటీ డాగ్ సంస్థ తెచ్చిన మూల వీడియో గేమ్‌లోనూ బిల్, ఫ్రాంక్ ఉన్నారు. అందులో బిల్ ఒంటరిగా, చేదుగా మిగిలిపోతాడు. ఫ్రాంక్ అతన్ని వదిలి వెళ్లి, ద్వేషంతో ఒక ఉత్తరం రాసి చనిపోయి ఉంటాడు. మనుషులను నమ్మితే ఇంతే అన్నది ఆ గేమ్‌లో బిల్ చెప్పే పాఠం. టీవీ కోసం మేజిన్ ఆ ఉత్తరాన్ని తిరగేశాడు. ఇక్కడ ఉత్తరం రాసేది బిల్, ద్వేషంతో కాదు. ఆ జంటను జాలిపడాల్సిన మనుషులుగా కాక, చిన్న చిన్న విషయాలకు కీచులాడుకునే మొగుడూపెళ్లాల్లాంటి వారిగా చూపించడమే పెద్ద మార్పు. ఏడ్చినవారిలో చాలామంది తమ ఇళ్లను చూసుకుని ఏడ్చారు.

భారత ప్రేక్షకుల విషయంలో కాలం కూడా కలిసింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూడటాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తొలగించింది. బిల్, ఫ్రాంక్ ఇంట్లోనే ఉంగరాలు మార్చుకుని పెళ్లాడిన ఎపిసోడ్ వచ్చిన మూడు నెలల్లోపే, 2023 ఏప్రిల్‌లో, స్వలింగ వివాహాల కేసులో రాజ్యాంగ ధర్మాసనం ముందు వాదనలు మొదలయ్యాయి. ఆ కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌లో కలిసి ఉంటున్న జంట. కోవిడ్ సోకినప్పుడు ఆస్పత్రిలో పక్కన ఉండే హక్కు ఎవరిది, బ్యాంకు ఖాతాకు నామినీ ఎవరు వంటి ప్రశ్నలు దేశమంతా వినిపించాయి. అక్టోబర్ 17న ధర్మాసనం అలాంటి వివాహాలకు చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించి, ఆ నిర్ణయాన్ని పార్లమెంటుకు వదిలిపెట్టింది.